ఎత్తలేని చేతులు

"తువ్వాళ్లు పదిన్నరకల్లా అయిపోతాయా, మార్లా?" అన్నాడు కర్ట్, తలుపులోంచి తల మాత్రం లోపలికి పెట్టి. జవాబు కోసం ఆగలేదు. ఆరేళ్లు చదివి, లైసెన్సు తెచ్చుకుని, ఈ కాలేజీలో ఆటగాళ్ల గాయాలు చూసే ట్రైనర్‌గా చేరాను. వాషింగ్ మెషిన్ ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న వచ్చినప్పుడు ఎవరూ పెద్దగా బుర్ర బద్దలు కొట్టుకోలేదు, తెచ్చి నా గదిలో పెట్టారు. ఆ రోజు నుంచి మూడు వందల తువ్వాళ్లూ నావే. కర్ట్ ఇదే కాలేజీలో స్ట్రెంగ్త్ కోచ్. అన్ని జట్లకీ బరువులెత్తించి కండబలం పెంచేది అతనే. ఇంట్లో నా మొగుడు కూడా అతనే. మొన్న క్రిస్మస్ భోజనాల దగ్గర మా అత్తగారు, "మావాడు పిల్లల్ని ఉక్కులా తయారుచేస్తాడు, మార్లా వాళ్ల కాళ్లకి టేపు చుడుతుంది" అంటే అందరూ నవ్వారు. పంది మాంసం పళ్లెం అందిస్తూ నేనూ నవ్వాను.

ఆ బుధవారం తువ్వాళ్లు మడతపెడుతుంటే వాలీబాల్ జట్టు పిల్ల కెండ్రా వచ్చింది. సెలవులయ్యాక అది మూడో రోజు. బయట మంచు మోకాలి దాకా ఉంది.

"కాస్త నా జుట్టు కట్టి పెడతారా?" అంది.

"ఏం, చేతులు అరిగిపోయాయా?"

నవ్వలేదు. కుర్చీలో కూర్చోబెట్టి జుట్టు పోగుచేస్తుంటే నా వేళ్లు దాని భుజానికి తగిలాయి. మోచేతికి పైన కండ రాయిలా ఉబ్బి ఉంది. చెయ్యి ఎత్తమంటే ఛాతీ దాకా తెచ్చి ఆపేసింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. సోమవారం కర్ట్ వాళ్లతో పులప్స్ చేయించాడు, కడ్డీకి వేలాడి ఒంటిని చేతులతో పైకి లాక్కోవడం. సెలవుల కొవ్వు కరిగించడమని దానికో పేరు, ఏటా ఉండేదే.

"ఒంటేలు ఏ రంగులో వస్తోంది?"

"టీ డికాషన్‌లా. నిన్నటి నుంచీ."

"నిన్ననే చెప్పాల్సింది కదే!"

"మీకు చెబితే కోచ్‌కి చెప్పినట్టే కదా. మీరిద్దరూ ఒకే కారులో ఇంటికెళ్తారు," అంది మెల్లగా.

ఆ మాటకి నాకు కోపం రాలేదు, సిగ్గేసింది. మోతాదు మించి శ్రమపెడితే కండ లోపల్లోపలే చితికిపోయి, ఆ చెత్తంతా రక్తంలో కలిసి కిడ్నీల్లో అడ్డుపడుతుందని, కొన్నిసార్లు ప్రాణం మీదికే వస్తుందని నేను చదివింది పుస్తకాల్లో. ఇప్పుడది నా ఎదురుగా కూర్చుని ఉంది. గది కిటికీలోంచి జిమ్ లోపలి కోర్టు వైపు చూశాను. వాలీబాల్ పిల్లలు జుట్టు విరబోసుకుని కోర్టులో అడుగుపెట్టరు, ఎవరికి వాళ్లే పైకి లాగి ముడేసుకుంటారు. ఆ రోజు ఇంకో నలుగురి జుట్టు భుజాల మీద వేలాడుతోంది.

వెయిట్ రూమ్‌కి పరిగెత్తాను. కర్ట్ మధ్యాహ్నం మూడింటికి వచ్చే సాకర్ జట్టు కోసం కడ్డీలు తుడుస్తున్నాడు.

"ఐదుగుర్నీ ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను. సాకర్ వాళ్లచేత అది చేయించకు."

"మొదటి వారం నొప్పులుండవా? నీళ్లు తాగించు, ఐస్ పెట్టు, రేపు చూద్దాం. ఆసుపత్రి అంటే పేపర్లో పడుతుంది, నా ఉద్యోగం ఏమవుతుందో ఆలోచించావా?" అని, గొంతు తగ్గించి, "నువ్వు డాక్టరువి కాదు, మార్లా" అన్నాడు.

కాదు. ఐదేళ్ల కిందట గుండె నొప్పన్న కుర్రాణ్ణి ఆసుపత్రికి పంపిస్తే గ్యాస్ అని తేలింది. అప్పటి నుంచి నా పేరు మార్లా అంబులెన్స్. ఇదీ గ్యాసే అయితే? వ్యాన్ నడుపుతున్న ఇరవై నిమిషాలూ అదే ఆలోచన. నేను పొరబడ్డానంటే ఊరంతా నవ్వుతుంది, పొరబడకపోతే ఈ పిల్లలేమైపోతారు? అద్దంలో కెండ్రా ముఖం పాలిపోయి కనబడుతోంది. పొరబడితే బాగుండునని మొక్కుకున్నాను.

పొరబడలేదు. రక్తపరీక్ష చూసిన డాక్టర్ హల్వర్సన్ వెంటనే ఐదుగురికీ సెలైన్ ఎక్కించింది. "కెండ్రాని ఇంకొక్క రోజు ఆలస్యంగా తెచ్చుంటే డయాలసిస్ అయ్యేది," అని నన్ను వరండాలోకి పిలిచింది. "జట్టులో మిగతా తొమ్మిదిమంది సంగతేమిటి? కోచ్‌తో ఇప్పుడే ఫోన్లో మాట్లాడాను. ఎవరి ఓపికను బట్టి వాళ్లు ఇరవయ్యో ముప్ఫయ్యో చేశారన్నాడు. అదే నిజమైతే వాళ్లని కంగారుపెట్టడం ఎందుకు?"

అప్పుడే నా ఫోన్ మోగింది. కర్ట్ మెసేజ్. 'ఓపికను బట్టి చేశారనే చెప్పు. మిగతాది ఇంటికొచ్చాక మాట్లాడుకుందాం.' మా ఇంట్లో మాట్లాడుకోవడమంటే అతను మాట్లాడటం.

ఆ పులప్స్‌కి ముందురోజు, ఆదివారం సాయంత్రం వంటింట్లో నేను బంగాళదుంపలు చెక్కు తీస్తుంటే కర్ట్ పిలిచాడు. అతని వేళ్లు లావు, కీబోర్డు మీద ఆడవు. పెళ్లయినప్పటి నుంచీ అతను చెబుతుంటాడు, నేను చెయ్యి తుడుచుకొచ్చి వారం వారం కసరత్తుల కాగితం టైప్ చేస్తుంటాను. కింద పేరు మాత్రం అతనిది. "పులప్స్, ఒక్కొక్కరూ వంద, పూర్తయ్యే దాకా ఎవరూ కదలకూడదు" అన్నప్పుడు నా వేళ్లు ఆగాయి. "వందా? మూడు వారాలు ఇంట్లో కూర్చుని వచ్చిన పిల్లలు" అన్నాను. "టైప్ చెయ్యమన్నాను, సలహా అడగలేదు" అని నవ్వాడు. నేనూ నవ్వి, ఆ అంకె కొట్టి, దుంపల దగ్గరికి వెళ్లిపోయాను. కెండ్రా కండ నా చేతికి తగిలినప్పటి నుంచీ నన్ను తినేస్తున్న భయం కిడ్నీల గురించి ఒక్కటే కాదు.

"తొమ్మిదిమందినీ పిలిపించండి," అన్నాను డాక్టర్‌తో. "పద్నాలుగు మందీ వంద చేశారు. మూడింటికి సాకర్ వాళ్లచేత చేయించబోయేదీ వందే. కాలేజీకి మీరే ఫోన్ చేసి ఆపించండి, నేనూ చేస్తాను."

"కోచ్ అలా చెప్పలేదే. మీరింత గట్టిగా ఎలా చెప్పగలరు?"

ఫోన్లో ఆ కాగితం తెరిచి ఆవిడ చేతిలో పెట్టాను.

"దీన్ని టైప్ చేసింది నేనే, డాక్టర్. వంద అన్నచోట నా చెయ్యి ఆగింది. అయినా కొట్టాను. అది కూడా రాసుకోండి."