కుంచెకు రెండో కొస

గంజికుండలో వేలు ముంచి చూసి, వేడి చాలునని, వెంకటముని పడుగు కొసను రాతి గుంజకు ఇంకో చుట్టు బిగించాడు. పొదటూరుపేట సాలెవీధి పొడవునా పడుగు దారాలు సాగి నిలబడ్డాయి. మూడు దినాల ముసురు తర్వాత ఆ పొద్దే కాస్త ఎండ. తూర్పున మళ్లీ మబ్బు లేస్తోంది. అది పైకొచ్చేలోపల గంజి పూసి, దారాలు విడేలా బారెడు కుంచె ఆడించి, ఆరబెట్టాలి. లేకపోతే దారాలు ఒకదానికొకటి అంటుకుని పడుగంతా కొయ్యబారిపోతుంది. పాడు చేసినవాడికి నేయించుకునే మొదలాళి మళ్లీ నూలివ్వడు.

యాభై దాటిన మనిషి. దవడలు లోపలికి పోయాయి. వేళ్ల సందుల్లో గంజి ఎండి చర్మం తెల్లగా పగిలింది. ఊపిరి తీస్తే ఎదలో పిల్లి గురక.

కుంచెకు రెండు కొసలు. పడుగుకు ఆ పక్క ఒకరు, ఈ పక్క ఒకరు పట్టి అడుగు కలిపి నడవాలి. పెళ్లయిన నాటినుంచీ అతనికి రెండో కొస పట్టేది బావ కోదండరామ. ఈ దినం రాలేదు.

సూయజ్ కాలవ కోసం ఇంగ్లీషువాళ్లు ఈజిప్టు మీద బాంబులు వేస్తున్నారని ఆరుముగం తన టీకొట్లో అరవ పేపరు చదివి చెప్పినప్పటినుంచి వీధి రెండుగా చీలింది. దొరల కంపెనీకి పోయే గళ్ల రుమాళ్లు నెయ్యం, ఆ నూలు తాకం అని ఒక జట్టు. దానికి కోదండరామ పెద్ద. దొరలు గెలిచి కాలవ తెరిస్తేనే ఓడ కదిలేది, మన పొయ్యి వెలిగేది అని నూలిచ్చే మొదలాళి సుందరరాజులు జట్టు. కాలవంటే చేలో పారేదే ఎరిగిన ఆడవాళ్లు, దాంట్లో ఓడ యెట్ల దూరుతుందని నవ్వి, రెండు జట్ల మొగుళ్ల చేతా తిట్లు తిన్నారు.

ఆ కాలవను కళ్లారా చూసినవాడు వెంకటముని ఒక్కడే. పెద్ద యుద్ధంలో పటాళంతో పోయి దాని గట్టున మూటలు మోశాడు. రెండు జట్లూ అతన్ని టీకొట్లో కూర్చోబెట్టి న్యాయం ఎవరిదో చెప్పమన్నాయి. ఇసక, ఈగలు, ఉప్పునీళ్లు అన్నాడు. వీడు అవతలివాళ్లకు అమ్ముడుపోయాడని ఇరువైపులవాళ్లూ అనుకున్నారు. ఆ వీధి ఏకమైంది ఆ ఒక్క మాట మీదే.

వెంకటముని బావ గడప ముందర నిలబడ్డాడు.

"బావా, ఒగ గంట. మబ్బు వస్తా ఉండాది."

"అది దొరల పడుగు. నేను తాకితే నా మాట యేమయ్యేది? పోయి మీ మొదలాళిని పట్టమను."

"మన తిరుత్తణి అరవోళ్లదా తెలుగోళ్లదా అనేదే ఇంకా తేలలా. నువ్వు సూయజ్ తేల్చను వచ్చినావు."

తలుపు మూసుకుంది.

సుందరరాజులు తన ఇంటి ముందరి తిన్నె మీద ఆకూవక్కా నములుతున్నాడు. ఇద్దరు మనుషుల్ని పంపుతానన్నాడు. కాకపోతే ముందు టీకొట్లో నలుగురి ముందర చెప్పాలి, దొరలు కడుపునిండా పెట్టారని, ఈజిప్టువాళ్లు దొంగలని.

వెంకటముని గంజి చేతులు పంచెకు తుడుచుకున్నాడు. "తిండి పెట్టినారయ్యా. అది చెప్తా. ఆ వూరోళ్లను దొంగలని యెట్ల చెప్పేది? నా దగ్గర యేముందని వాళ్లు దోచేది?"

మొదలాళి పక్కకు తిరిగి ఉమ్మేశాడు.

చివరికి పెళ్లాం తులసమ్మ కొంగు దోపి రెండో కొస పట్టింది. ఆమె పొట్టి. కుంచె ఒక పక్కకు ఒరిగిపోతుంది. అతను మోకాళ్లు వంచి తన కొసను దించుకుని నడిచాడు. రెండు వరసల తిన్నెల మీదా మగవాళ్లు కూర్చుని చూస్తున్నారు. "మునీ, ఈజిప్టులో ఈ నడకే నేర్పినారా?" అన్నారెవరో. అందరూ కలిసి నవ్వారు.

మూడో విడత తిరిగి వస్తుండగా తులసమ్మ చేతిలో కుంచె ఒక్కసారిగా బరువైంది.

"యోవ్, పట్టుకో, జారతా ఉండాది" అంది తులసమ్మ.

అతను గుంజకు వీపు ఆనించి కూర్చున్నాడు. తల ఎదమీదికి వాలింది. గంజి చేతులు ఒడిలో ఉన్నాయి. మొదటి చినుకు పడింది.

అప్పుడు లేచారు తిన్నెల మీదివాళ్లు. కుంచెకు ఒక చెయ్యి దొరకని మనిషికి పాడె దగ్గర నాలుగు భుజాలూ దొరికాయి. ముందర ఒక పక్క కోదండరామ, ఇంకో పక్క మొదలాళి మనిషి. యుద్ధం ఆగిందని సాయంత్రం పేపర్లో వచ్చింది. కాటినుంచి తిరిగి వస్తూ, తల తడి ఆరకముందే, గెలిచింది ఎవరని ఆరుముగం కొట్టు ముందర జుట్లు పట్టుకున్నారు. పడుగు వానలో నానుతూ గుంజలకు అట్లాగే వేలాడుతోంది.

లోపల తులసమ్మ ఒక్కతే దీపం పెట్టింది. పీనుగుకు నీళ్లు పోసేముందు ఆమె అతని చెవి వెనకనుంచి తీసి దాచినది, గూట్లో, అగ్గిపెట్టె పక్కన ఉంది. సగం కాల్చి ఆర్పిన బీడీ, ఒక్క చుక్కకైనా తడవకుండా.