మంద తొక్కని జాగా

పెద్ద దవాఖాన బల్ల మీది సీసా మాయమైన రోజున ఎవరూ ఐలేశాన్ని అనుమానించలేదు.

అతను చిట్యాల దగ్గర గొర్రెలు కాసే మనిషి. మలంలో నెత్తురు పడుతోందని హైదరాబాదు వచ్చాడు. రెండేళ్ల కిందట, 1961లో, అన్న రామచంద్రయ్య ఇలాగే నెత్తురు పోయి, చిక్కి శల్యమై చచ్చిపోయాడు. డాక్టరు దీపమున్న ఇనుప గొట్టం లోపలికి పెట్టి, పేగుకు కాడతో వేలాడుతున్న రేగుపండంత కండను కాల్చిన తీగతో కోశాడు. అది ఉత్త కండో, క్యాన్సరుకు మొదలో పరీక్ష చేస్తేగాని తెలియదని చెప్పి, సీసాలో వేసి పక్కకు తిరిగాడు.

ఐలేశానికి తెలిసిన వైద్యం వేరు. గొర్రె ఒంటి మీద గడ్డ కోస్తే, ఆ గొర్రె కలవాడే దాన్ని పొద్దుగూకకముందు మంద తొక్కని జాగాలో పాతాలి. పరాయి చేతికి పోతే అది తిరిగొచ్చి మందలో పిల్లల్ని పడుతుంది. ఇంట్లో జానమ్మ ఉంది, ఒక్కగానొక్క కూతురు. సీసాను గొంగడి కింద దాచుకుని బస్సెక్కాడు. మెట్ట చెలక అవతల గుట్ట వెనక మూరెడు లోతు తవ్వి, సీసా ఒంపి, మట్టి కప్పి, వెనక్కి చూడకుండా వచ్చాడు.

నెత్తురు ఆగింది. అన్న మాత్రం వదల్లేదు. మిట్టమధ్యాహ్నం మంద వెనక నడుస్తుంటే అతని దగ్గు వినిపించేది. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. గొర్రెలన్నీ తలలెత్తి గుట్టవైపే చూస్తుండేవి. అటు పచ్చగడ్డి ఉన్నా ఒక్కటీ అడుగు వేసేది కాదు.

ఏడాది తిరిగాక తట్టుకోలేక డాక్టరు దగ్గరికి పోయి అంతా ఒప్పుకున్నాడు. డాక్టరు తిట్టలేదు. మళ్లీ గొట్టం పెట్టి చూసి, కోసినచోట మచ్చ తప్ప ఏమీ లేదన్నాడు. అయినా గండం గడిచినట్టు కాదని, మట్టిలో కలిసిన ఆ కండ ఎలాంటిదో ఇక ఎవరూ చెప్పలేరని, బతికినన్నాళ్లూ ఏటా వచ్చి చూపించుకోవాలని చెప్పాడు. తర్వాత అన్న సంగతి అడిగాడు, నాయిన సంగతి అడిగాడు. నాయిన కూడా అట్లనే పోయాడని వినగానే డాక్టరు రాయడం ఆపాడు.

"నీకు పిల్లలున్నారా?"

"ఒక్క బిడ్డ, సారూ. దానికి ఫికర్ లేదు. గందుకే గదా నా చేత్తోటి పాతిపెట్టిన."

"ఇది మట్టిలోంచి రాదు, ఐలేశం. నెత్తుట్లో వస్తుంది. నువ్వు పుట్టకముందే మీ ఇంట్లో ఉంది."

ఇల్లు చేరేసరికి జానమ్మ వాకిట్లో జొన్నలు చెరుగుతోంది. ఎదిగిన బిడ్డను తండ్రి అడిగే మాట కాదది. భార్య సైదమ్మ ఉంటే ఆమెతో అడిగించేవాడు. ఆమె పోయి ఆరేళ్లు. ఎదురుగా కూలబడి, నేల చూస్తూ అడిగాడు.

చాట చప్పుడు ఆగిపోయింది.

"నీకెవరు చెప్పిన్రు బాపు?"

ఎన్నాళ్ల నుంచని అడిగాడు ఐలేశం.

"నువ్వు దవాఖానకు పోకముందు సంది. నీకు తగ్గింది గదా, నాకు గూడ తగ్గుతదనుకున్న."

ఐలేశం ఆమె చేతిలోంచి చాట తీసుకుని పక్కన పెట్టాడు. చీర మార్చుకొమ్మన్నాడు. హైదరాబాదు బస్సుకు ఇంకా గంట ఉంది.