బుచ్చన్న టాక్సీ గొంతు

రాజవ్వ తిట్లు తినే హక్కు ఈ భూమ్మీద ఆమె కొడుకు బుచ్చన్న ఒక్కడికే ఉంది. అలాంటిది ఒకనాడు ఆ తిట్లన్నీ ఎవరో ఉత్తరాది టాక్సీవాలా పాలబడ్డాయి.

ఎనభై నాలుగులో మాట ఇది. గ్రాంట్ రోడ్ స్టేషన్ బయట నలుపు పసుపు టాక్సీలు బారులు తీరి ఉన్నాయి. రాజవ్వకు కళ్ళల్లో మోతిబిందు శుక్లాలు ముదిరి మనుషులు మసగ్గానూ, బండ్లన్నీ ఒక్కలాగానూ కనిపిస్తున్న రోజులు. "మూల మీద ఉంట, వచ్చి కూసో అవ్వా" అన్నాడు టాక్సీ తోలే బుచ్చన్న. ఆవిడ వచ్చి కూర్చుంది, కాకపోతే పక్క బండిలో. ఆ డ్రైవరు వెనక్కి తిరిగి "కిధర్ మాయీ?" అని ఎక్కడికో అడిగాడు. "దస్ నంబర్ గల్లీ మర్చినవారా? ఇల్లు గూడ మర్పించిందా నీ పెండ్లాం?" అని మొదలుపెట్టి, కామాటిపురా వచ్చేదాకా కోడలి వంట మీదా, కొడుకు బుద్ధి మీదా దులిపేసింది. తెలుగు ముక్క రాని ఆ మనిషి ఎవరి తల్లయితేనేం తల్లే కదా అనుకున్నాడో ఏమో, దారి పొడుగునా "హాఁ మాయీ, హాఁ మాయీ" అంటూ తలూపి, వాళ్ళుండే చాల్ ముందు దింపి, దండం పెట్టి మరీ వెళ్ళాడు.

స్టేషనంతా గాలించి, చెమటలు కక్కుకుంటూ బుచ్చన్న ఇల్లు చేరేసరికి రాజవ్వ చాయ్ తాగుతోంది.

"అది నీ బండి కాదా? అందుకేనారా, ఇయ్యాల ఎదురు మాట్లాడకుంట వింటున్నడు నా కొడుకు, బుద్దొచ్చిందని సంబరపడ్డ" అంది.

కోడలు మంగళ నవ్వు ఆపుకోలేక లోపలికి పరిగెత్తింది. బుచ్చన్నకు మాత్రం నవ్వు రాలేదు. పెద్దాసుపత్రి కంటి డాక్టరు అప్పటికే గట్టిగా చెప్పేశాడు. ఒక కన్ను మీద ఆశ వదులుకోవలసిందే, రెండోది ఇప్పుడు కోస్తే దక్కుతుంది, ఈసారి కూడా రాకపోతే ఇక నా దగ్గరకు రావద్దని. ఈసారి కూడా అని ఎందుకన్నాడంటే, రాజవ్వ రెండుసార్లు బయల్దేరి రెండుసార్లూ వెనక్కి తిరిగింది. మొదటిసారి మంగళ తుమ్మింది. రెండోసారి పిల్లి అడ్డం వచ్చింది. నిజానికి పాపం పిల్లి మెట్ల మీద పడుకుని ఉంది. రాజవ్వ దాని తోక తొక్కింది కాబట్టి లేచి ఉరికింది. కళ్ళు కనపడని మనిషికి పిల్లి ఎలా కనపడిందని అడిగే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు.

అసలు సంగతి శకునం కాదు, కత్తి. కంట్లో కత్తి పెడతారంటే ఆవిడకు పై ప్రాణాలు పైనే పోతున్నాయి. ఆ మాట ఒప్పుకోవడం మాత్రం ఆవిడ వంశంలోనే లేదు. అవ్వ చూపు పోతుందేమోనని బుచ్చన్నకు రాత్రిళ్ళు కునుకు పట్టడం లేదు.

"నా బండి ఏదో నీకు తెల్వాలంటే ఏం జెయ్యాలె అవ్వా?" అని అడిగాడు.

"నోరుంటే బాగుండు దానికి" అంది రాజవ్వ.

ఆ మాట పట్టుకుని బుచ్చన్న ఫాక్‌లాండ్ రోడ్డులో రేడియోలు బాగుచేసే సైదులు దగ్గరకు పోయాడు. సైదులుకు ఇలాంటివంటే పండగ. తలుపు తెరిస్తే వెలిగే లైటు వైరుకు ఒక టేప్‌రికార్డరు కట్టాడు. వెనక తలుపు తెరిచి ఉన్నంతసేపు టేపు పలుకుతుంది. మూస్తే, మాట మధ్యలో ఉన్నా సరే, టక్కున ఆగుతుంది. మళ్ళీ తెరిస్తే ఆగిన చోటి నుంచే అందుకుంటుంది. క్యాసెట్టు నిండా ఎక్కేవాళ్ళను పిలిచే నాలుగు మాటలే మళ్ళీ మళ్ళీ నింపితే సరిపోతుందన్నాడు.

"మాటలు ఎవలతోని చెప్పిద్దాం?" అన్నాడు బుచ్చన్న.

"మంచి తెలుగు గావాలంటే బాలనర్సయ్యే" అన్నాడు సైదులు.

వర్లి మిల్లు సమ్మెలో పని పోయాక బాలనర్సయ్యకు మిగిలిన ఉద్యోగం దసరా నాటకంలో ధర్మరాజు వేషం ఒక్కటే. మైకు చూడగానే మనిషికి పూనకం వచ్చింది. గొంతు సవరించుకుని, ఛాతీ విరిచి, "రండు! ఆసీనులు కండు! తమరు ఎక్కడికి వేంచేయుచున్నారు?" అని నింపి పెట్టాడు. సైదులు కళ్ళు చెమర్చాయి. బుచ్చన్న కూడా మురిసిపోయాడు.

మర్నాడు పొద్దున్న మొదటి బేరం పాలమూరు కూలీలు పోచయ్య, సాయమ్మ. మూటలు కట్టుకుని ఊరి బస్సు ఎక్కడానికి దాదరు పోతున్నారు. పోచయ్య తలుపు తెరిచాడో లేదో "రండు! ఆసీనులు కండు!" అని బండి గర్జించింది. పోచయ్య చెప్పులు విప్పి చేతిలో పట్టుకున్నాడు. సాయమ్మ వెనక్కి పోయి డిక్కీ మీద తట్టింది.

"పెద్దమనిషిని దీంట్ల మూసినవా ఏందన్నా? ఊపిరాడుతదా పాపం?"

"టేపమ్మా అది, ఎక్కుండ్రి" అన్నాడు బుచ్చన్న గర్వంగా.

ఇద్దరూ ఎక్కి సర్దుకుంటున్నారు. తలుపింకా తీసే ఉంది. "తమరు ఎక్కడికి వేంచేయుచున్నారు?" అంది బండి.

సాయమ్మ ఒంటికాలి మీద లేచింది. "థూ! పైనం కట్టుకోని బయలెల్లుతుంటె ఎక్కడికని అడుగుతడా! దిగయ్యా, దిగు!" మూటలు దించి, ఫుట్‌పాత్ మీద కూలబడి, మంచినీళ్ళు తెప్పించుకుని తాగి, కాసేపు ఆగి లేచారు. లేచి వెనకున్న టాక్సీ ఎక్కారు. ఆ డ్రైవరు "కిధర్ జానా?" అన్నాడు. "దాదర్" అంది సాయమ్మ నిమ్మళంగా.

బుచ్చన్నకు ఒళ్ళు మండిపోయింది. "ఆయన అడిగితె ఏం గాదా?"

"ఆయన హిందీల అడిగిండన్నా. శకునానికి హిందీ ఏడొస్తది?"

బుచ్చన్న లెక్కేసుకున్నాడు. తను స్టీరింగు పట్టిన నాటి నుంచి సొంత మనుషులను కూడా కిధర్ అనే అడుగుతున్నాడు. ఒక్కరూ దిగలేదు. అదే మాట ఇంటి భాషలో అడిగేసరికి ఆ రోజు మూడు కుటుంబాలు దిగి మంచినీళ్ళు తాగాయి.

సంగతి చాల్ అంతా పాకింది. నల్లా దగ్గర ఇదే పంచాయితీ. ధర్మరాజును తీసేసి మంగళ చేత చెప్పించమని ఒకరు, పుట్టిల్లు వర్లి కాబట్టి ఆమె మాట సగం మరాఠీయేనని ఇంకొకరు. కుర్రకారుకు సినిమా పాట పెడితే చాలట. పాలమూరు నుంచి కొత్తగా వచ్చిన వాళ్ళకు మాత్రం మాట ఊరి మాటలా ఉండాలట. మంగళ చెప్పి చూసింది కూడా. "బసా, దర్వాజ లావా" అని కూర్చుని తలుపు వేయమన్నది విని ముసలాయన ఒకడు, నిన్నగాక మొన్న వచ్చిన కోడలుపిల్ల నన్ను కూర్చోమని హుకుం చేస్తుందా అని అలిగి నడుచుకుంటూ పోయాడు. బుచ్చన్నకు తల ప్రాణం తోకకొచ్చింది.

ఇదంతా మంచం మీద నుంచి వింటున్న రాజవ్వ ఇక తట్టుకోలేకపోయింది. "బండెక్కినోల్లతోని ఎట్ల మాట్లాడాల్నో మీల ఒక్కలకన్న తెలుసార?"

"నువ్వే చెప్పరాదు అవ్వా" అన్నాడు బుచ్చన్న.

"నేనా? పో పోరా!" అని కసిరిందే గానీ, సైదులు మైకు పట్టుకొచ్చేసరికి ముఖం కడుక్కుని, బొట్టు పెట్టుకుని, పెట్టెలోని జరీ అంచు చీర కట్టుకుని కూర్చుని ఉంది. మైకుకు కళ్ళుండవని చెప్పబోయిన సైదులును బుచ్చన్న కాలు తొక్కి ఆపాడు. ఎదురుగా ఎవరో భయపడుతున్న పిల్ల ఉన్నట్టు రాజవ్వ మైకు వైపు వంగి చెప్పింది.

"రా బిడ్డా, కూసో. కొంగు దర్వాజల పడ్తది, లోపటికి గుంజుకో. బుగులు పడకు, నీ పని సక్కగైతది. పోయి, సల్లంగ మల్ల రా బిడ్డా."

"ఏడికి పోతరో అడగవా పెద్దమ్మా?" అన్నాడు సైదులు.

"ఎందుకడగాలె? ఎక్కినోల్లే చెప్తరు. నీకేం తొందర?"

ఆ టేపు పెట్టిన వారానికి బుచ్చన్న బండి దశ తిరిగింది. కూలీ ఆడవాళ్ళు ఎక్కాక కూడా తలుపు మూయరు, మొత్తం విని గానీ కదలరు. ఊరి నుంచి తిరిగొచ్చిన సాయమ్మ అయితే ఒక్క మాటే అంది, మా మేనత్త గుర్తొచ్చిందన్నా అని, కొంగుతో ముక్కు తుడుచుకుంది. బండి తెలుగులో పిలుస్తుంది, బుచ్చన్న హిందీలో కిధర్ అంటాడు, శకునానికి ఏ ఇబ్బందీ లేదు. రాజవ్వ మాత్రం ఆ టేపు వినడానికి ఒక్కసారి కూడా కిందికి దిగలేదు. నా గొంతు నాకు తెల్వదా అనేది.

ఆపరేషన్ రోజు రానే వచ్చింది. పొద్దున్నే మంగళ కొంగు ముక్కుకు గట్టిగా అదిమి పట్టుకుంది. పిల్లిని పొరుగున గంగవ్వ ఇంట్లో పెట్టి గొళ్ళెం వేశారు. వరండా పొడుగునా జనం నోళ్ళు కుట్టేసుకున్నట్టు నిలబడ్డారు, ఎవరైనా ఖర్మకాలి ఎక్కడికని అడిగితే బుచ్చన్న చంపేస్తాడని. రాజవ్వ మెట్టు మెట్టుకూ ఆగి చెవులు రిక్కించింది. తుమ్ము లేదు, దగ్గు లేదు, పిల్లి లేదు. వెనక్కి తిరగడానికి ఒక్క కారణమూ దొరక్క, మొహం చిన్నబుచ్చుకుని బండి దాకా వచ్చి, వెనక తలుపు తెరిచింది.

"రా బిడ్డా, కూసో" అంది బండి.

రాజవ్వ చెయ్యి తలుపు మీదే ఉండిపోయింది. "ఈమె ఎవలు?"

"నువ్వే గదా అవ్వా."

"నా గొంతు గిట్లెందుకుంటది? నాది సన్నగుంటది." టేపు పలుకుతూనే ఉంది. కొంగు లోపటికి గుంజుకో అంటోంది, బుగులు పడకు అంటోంది. రాజవ్వ ముఖం మెల్లగా మారిపోయింది. "ఇది మా అవ్వరా బుచ్చన్నా. తట్టలు మోసీ మోసీ పొయిన మా అవ్వ. గిట్లనే అంటుండె."

వెనక చేతిబండివాడు అరుస్తున్నాడు, స్కూటరువాడు హారను కొడుతున్నాడు. రాజవ్వ వాళ్ళ మీదికి తిరిగి, "ఆగుండ్రిరా! మా అవ్వ మాట్లాడుతున్నది!" అని గద్దించింది. స్కూటరువాడు హారను మీద నుంచి చెయ్యి తీసేశాడు.

మాటలు రెండు విడతలు విని, ఎక్కి కూర్చుంది. కొంగు లోపలికి గుంజుకుంది. మూడో విడత నడుస్తుండగా తలుపు లాగింది.

"నీ పని సక్కగైతది. పోయి..."

టక్కున ఆగిపోయింది.

వరండాలో జనం ముఖాలు పాలిపోయాయి. ఇంటి నుంచి బయల్దేరే మనిషితో మళ్ళీ రా అనకుండా పోయి అని ఆపడం! మంగళ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కొంప మునిగిందనుకున్నాడు బుచ్చన్న. ఇక దిగుతుంది, మంచినీళ్ళు అడుగుతుంది, మంచమెక్కుతుంది, డాక్టరు మళ్ళీ రానివ్వడు, కన్ను పోతుంది. మిగతా మాట వినిపిద్దామని స్టీరింగు ముందు నుంచే గబుక్కున వెనక్కి వంగి తలుపు పిడి మీద చెయ్యి వేశాడు.

రాజవ్వ ఆ చెయ్యి పట్టుకుంది.

"తెరవకు. నాకు బుగులైతున్నదిరా" అంది. జన్మలో మొదటిసారి ఒప్పుకుంది. "మా అవ్వ సగం మాటల ఇడిసిపెట్టేది కాదు. తక్కింది ఆడికి పొయినంక ఇంట. పోనియ్యి."

బుచ్చన్న బండిని అంత నెమ్మదిగా ఎప్పుడూ నడపలేదు. ఎవరూ మధ్యలో తలుపు తెరవకుండా దారి పొడుగునా చూపు అద్దంలోనే పెట్టుకున్నాడు. పెద్దాసుపత్రి గేటు ముందు ఆపాడు. రాజవ్వ తడిమి పిడి పట్టుకుని, తలుపు తెరిచింది.

"...సల్లంగ మల్ల రా బిడ్డా" అంది బండి.

"వస్తనే అవ్వా" అని, కొంగు సర్దుకుని దిగింది రాజవ్వ.

గేటు దగ్గరి వాచ్‌మన్ "కిధర్ మాయీ?" అన్నాడు. బుచ్చన్న దిగి వచ్చి వాడి నోరు మూయించబోయాడు. రాజవ్వ కొడుకు భుజం మీద తట్టి, "హిందీల అడిగిండు తియ్యి" అని లోపలికి నడిచింది. వెనక తలుపు బార్లా తెరిచే ఉంది, రా బిడ్డా కూసో అని బండి మళ్ళీ మొదటి నుంచి అందుకుంది. బుచ్చన్నకు ఆ తలుపు మూయబుద్ధి కాలేదు.