మంచినూనె

మా ఆయన నతానియేలు నీళ్లలో మునిగి పనిచేసే మనిషి. పెండ్లికి ముందు మద్రాసు హార్బరులో ఆ పని నేర్చుకుని, వస్తూ వస్తూ పాత ఇత్తడి టోపీ ఒకటి, గాలి కొట్టే చేతిపంపు ఒకటి కొనుక్కొచ్చాడు. టోపీ అంటే సంగటి కుండంత ఉంటుంది. తల మొత్తం అందులోకి పోతుంది. ముందర గుండ్రటి అద్దం, దానికి ఇత్తడి చట్రం, చట్రానికి మర చుట్లు. సీసా మూత తిప్పినట్టు తిప్పి బిగించాలి. బిగించాక, పంపు నుంచి గొట్టంలో వచ్చే గాలే ఆయనకు ఊపిరి.

అద్దం బిగించేదీ తీసేదీ నేనే. "ఈ చేతులు తప్ప ఇంకోరి చేతులు నా మొగం మీదికి రాగూడదు" అనేవాడు.

చుట్లకు రాసే కొవ్వు డబ్బా కూడా మద్రాసుదే. 1956 ఎండాకాలంలో అది అయిపోయింది. పనుల్లేక సామాను పెట్టెలో సర్దేనాడు, "చుట్లకు మంచి నూనె రాసి పెట్టు" అని చెప్పి ఆళ్లగడ్డ బజారుకు పోయాడు. మా వైపు మంచినూనె అంటే నువ్వుల నూనె. ఆయన మొగానికి ఆనుకునే వస్తువు గదా అని గానుగ దగ్గరికే పోయి, అప్పుడే ఆడిన నూనె తెచ్చాను. దోసెకు పోసినట్టు పోసి రాశాను.

రెండు నెలలకు నంద్యాల నుంచి కబురు. కె.సి. కాలవ తూములో దుంగ అడ్డంపడి తలుపు దిగడం లేదట. బస్సు మీద సామాను వేసుకుని పోయాం. పంపు కొట్టడానికి మా ఊరి శేషయ్యన్న వచ్చాడు. అద్దం తిప్పుతుంటే బిగువుగా తగిలింది. బిగువుంటే నీళ్లు రావు, మంచిదేలే అనుకుని బలమంతా పెట్టి బిగించాను.

ఆయన దిగాక గట్టు మీద మూడు రాళ్లు పెట్టి సంగటికి ఎసరు పెట్టాను. ఎసరు మరిగే వేళకు దుంగ తేలింది, వెనకే ఆయన. గట్టున కూర్చుని టోపీ మీద రెండుసార్లు తట్టాడు, తియ్యమని. శేషయ్యన్న పంపు వదిలి బీడీ తీసుకున్నాడు.

అద్దం తిరగలేదు.

మళ్లీ పట్టాను. చేయి జారింది. లోపల ఆయన కండ్లు నవ్వుతున్నాయి. కాసేపటికి నవ్వడం మానాయి. అద్దం మీద ఆవిరి పట్టింది.

"శేషయ్యన్నా, పంపు కొట్టప్పా!"

"పైకొచ్చినాడు గదమ్మా, ఇంగేమి?"

"అద్దం రాల్యా! కొట్టు బేగా!"

బీడీ కాలవలో పడింది. గాలి ఆడింది. కానీ ఒక్కడే ఎంతసేపు కొడతాడు? టోపీనే విప్పుదామంటే మెడ చుట్టూ పన్నెండు బోల్టులు, అవి విప్పడం వచ్చింది శేషయ్యన్నకే. నా బలానికి ఆ పంపు కదలదు, అన్న వదిలితే లోపల ఈయనకు ఊపిరి లేదు.

చట్రం అంచున పసుప్పచ్చటి జిగురు వేలికి అంటింది. వాసన చూశాను. కడగని నూనె చెంబు వాసన. అది నాకు తెలిసిన రోగమే: పాతబడి బంకైన నూనె, వేడినీళ్లకే వదులుతుంది. కొంగు ఎసట్లో ముంచి, చేతులు కాలుతున్నా చట్రం చుట్టూ చుట్టాను. మళ్లీ ముంచాను. మూడోసారికి కిర్రుమంది.

అద్దం ఊడింది. ఆయన గుండెల నిండా గాలి పీల్చుకుని, "ఏమే, నా తలకాయలో సంగటి కెలుకుతాండావా?" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. ఆయన అద్దం వాసన చూశాడు.

"ఇదేందీ, తిరగమాత వాసన?"

"మంచినూనె. నువ్వే గదా రాయమన్నావ్!"

"నేను జెప్పింది మంచిదైన నూనె! మిషను నూనె!"

"మిషను నూనె మంచిదని నాకెట్ల తెల్చాది? గానుగ కాడ కూచోని ఆడిచ్చుకొచ్చినా."

శేషయ్యన్న పంపు మీద వాలిపోయి, "ఇంగా నయం, ప్రేమెక్కువై నెయ్యి పూయలే" అన్నాడు.

తూము కింద ఇంకో మొద్దు ఇరుక్కుని ఉంది. ఆయన మళ్లీ దిగాలి. "ఈసారి శేషయ్యన్నతో బిగించుకో. నా చేతులొద్దు" అన్నాను.

ఆయన వేడినీళ్లతో చుట్లన్నీ నన్నే తుడవమన్నాడు. తూము కాపలాదారుని అడిగి చిటికెడు గ్రీసు తెచ్చి నా వేలికి అంటించాడు. "కాటుక పెట్టినట్ల. అన్నంలో నెయ్యి మాదిరి గాదు."

రాశాను. శేషయ్యన్న టోపీ బోల్టులు మళ్లా బిగించాక, ఆయన అద్దం నా చేతికిచ్చాడు.

"పెట్టు."

"మళ్లా పట్టుకుంటే?"

"ఎసరుండాది గదా."

అద్దం సులువుగా తిరిగి, ఆఖరి చుట్టులో నిలిచింది. ఆయన నీళ్లలోకి దిగాడు. నేను ఎసట్లో పిండి పోయలేదు. ఆయన పైకొచ్చి, అద్దం ఊడి, నన్ను ఇంకో మాట అనేదాకా దాన్ని అట్లే మరగనిచ్చాను.