నిచ్చెన కింద ఎర్ర చొక్కా

ఈ ఊళ్లో ఫుట్‌బాల్ క్లబ్బులు రెండు. ఒకటి ఎర్రది, ఒకటి నీలంది. నీలం వాళ్లు టమాటాలు ఎర్రబడక ముందే తినేస్తారు. ఎర్ర వాళ్లు మబ్బు పడితే తప్ప ఆకాశం వైపు చూడరు. సిగ్నల్ దగ్గర ఎర్ర లైటుకు ఆగడం తన క్లబ్బుకే అవమానమని ఒక నీలం అభిమాని పోలీసుతో వాదించాడు. ఆ పోలీసు కూడా నీలమే కావడంతో, కళ్లు తుడుచుకుని సెల్యూట్ చేసి మరీ వదిలేశాడు. ఇలాంటివి విని మనం నవ్వుకుంటాం. నవ్వుకుని వదిలేస్తాం కాబట్టే సంగతి ఇంతదాకా వచ్చింది.

ఆ ఆదివారం ఇద్దరు పెయింటర్లు ఒక బడి గోడకు రంగు వేస్తున్నారు. నిచ్చెన పైన నీలం చొక్కాలో బావ. కింద దాన్ని పట్టుకుని ఎర్ర చొక్కాలో బావమరిది. ఇద్దరికీ పడదు. కానీ కలిసి పనికి వెళితేనే ఇంట్లో భోజనం అని బావ పెళ్లాం, అంటే కుర్రాడి అక్క, శాసనం చేసింది. కిటికీలో రేడియో. రేడియోలో రెండు క్లబ్బుల మ్యాచ్.

"ఒరేయ్, మీ కీపర్ చేతులకి వెన్న రాసి పంపారంట్రా?"

"మీవాడికి చేతులే మొలవలేదు కదా బావా, పాపం! ముందు ఆ కిటికీ అంచు చూస్కో. మీ ఫార్వర్డ్ కొట్టినట్టే రంగు పక్కకి పోతోంది."

పైన మనిషి ఉండగా కిందవాడు తుమ్మొచ్చినా నిచ్చెన వదలకూడదు. పనిలో చేరిన మొదటిరోజే నేర్పే సంగతి ఇది. కానీ రెండో సగంలో ఎర్ర జట్టు గోల్ వేసింది. బావమరిది రెండు చేతులూ ఆకాశంలోకి లేచాయి. నిచ్చెన వాటితో పాటు రాలేదు, పక్కకి పోయింది.

బావ కుడికాలు రెండు చోట్ల విరిగింది. ఆసుపత్రిలో కట్టు కట్టే ఆయన ముందు ఏ క్లబ్బో కనుక్కుని, ఆ తర్వాత ఏ కాలో అడిగాడు.

మంచం చుట్టూ నీలం అభిమానులు మూగారు. వాళ్లకి పెద్ద ఈల మామ. ఆయన ఈలకి ఒకసారి పోతున్న రైలు ఆగిందంటారు. ఆ అనేవాడు కూడా ఆయనే.

"కావాలనే వదిలాడా అల్లుడూ?"

బావ మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. "కావాలనే," అన్నాడు.

ఆ మాట బయటికి నడిచింది. సాయంత్రానికి బడికి పదమూడు అంతస్తులొచ్చాయి, బావమరిది చేతికి రంపం వచ్చింది. ఎర్ర టైలరు కొట్టు అద్దం పగిలింది. బదులుగా నీలం బేకరీ తలుపుకి తారు పూశారు. పక్కపక్క ఇళ్లవాళ్లు మధ్య గోడ మీదుగా చెత్త పోసుకున్నారు.

రెండు నెలల తర్వాత మళ్లీ ఆ రెండు జట్లకే మ్యాచ్. పొద్దున్నే ఈల మామ ఇరవై మందితో బావ ఇంటికి వచ్చాడు. అందరి చేతుల్లో ఇనపరాడ్లు.

"స్టేడియం గేటు దగ్గర వాడి రెండు చేతులూ విరగ్గొడతాం. జన్మలో బ్రష్ పట్టడు. నువ్వు కుర్చీ వేసుకుని చూడు."

"వాడు నా తమ్ముడు మామయ్యా!" అంది అక్క.

"తమ్ముడు తర్వాతమ్మా. ముందు వాడు ఎర్రోడు."

వాళ్లు వెళ్లిపోయారు. ఆమె మొగుడి వైపు తిరిగింది. "ఏమండీ, నిజంగా కావాలనే వదిలాడా? నేనడిగేది చొక్కాని కాదు, మిమ్మల్ని."

ఆయన మంచం మీంచి లేచాడు. చంకకర్రలు అందుకున్నాడు.

గేటు దగ్గర అప్పటికే రాళ్లు లేస్తున్నాయి. ఎర్రోళ్ల ముందు వరసలో బావమరిది, అతని ఎదురుగా ఈల మామ. మధ్యలోకి చంకకర్రల మీద కుంటుకుంటూ బావ వచ్చాడు.

"ఆగండెహె! నేను చెప్పింది అబద్ధం. ఆ రోజు మొదటి గోల్ మాది. పైనుంచి నేనూ చేతులెత్తాను. నిచ్చెన జారింది. నా బ్రష్ వీడి నెత్తిన పడి, రంగు కళ్లలోకి కారింది. అయినా నన్ను నానా బూతులూ తిడుతూ నిచ్చెనని వాటేసుకుని నిలబెట్టాడు. తర్వాత వాళ్ల గోల్‌కి వాడూ అదే వెధవ పని చేశాడు. నేను వెధవనైనప్పుడు పట్టుకోడానికి వాడున్నాడు. వాడు వెధవైనప్పుడు ఎవరూ లేరు. అంతే తేడా!"

"ద్రోహి! అమ్ముడుపోయాడు!" ఒకడు ఉమ్మాడు.

"ఎర్ర చొక్కా చూస్తే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. వాళ్లని ముద్దుపెట్టుకోమనట్లేదు. లోపల తొంభై నిమిషాలు గొంతులు పోయేదాకా తిట్టుకుందాం. బయట మాత్రం ఈ రాడ్లొద్దు. మామా, నీ ఇంటి కుళాయి బాగుచేసేది ఎర్రోడు. వాళ్ల పిల్లల బడి బస్సు తోలేది మనోడు. ఎవడి చేతులు విరగ్గొట్టుకుందాం చెప్పు?"

ఈల మామ పళ్లు కొరికాడు. "నీ సభ్యత్వం రద్దు," అన్నాడు. అని, రాడ్డు కింద పడేశాడు. మిగతావాళ్లూ సణుగుతూ పడేశారు. ఊళ్లో ఏ క్లబ్బూ లేని ఏకైక మనిషి పాతసామాన్లు కొనేవాడు. ఆ రాడ్లన్నిటినీ బండిలో వేసుకుని, ఎవరైనా మనసు మార్చుకునేలోపు మాయమయ్యాడు.

బావమరిది దగ్గరికొచ్చాడు. అతని కళ్లు ఎర్రగా ఉన్నాయి, తన క్లబ్బు రంగులో.

"బావా, మీ గోల్ ఆఫ్‌సైడ్."

"నోర్ముయ్యరా. మెట్లున్నాయి, చెయ్యివ్వు."

ఇచ్చాడు. ఇద్దరూ తిట్టుకుంటూనే మెట్లెక్కారు.

అయ్యా, అమ్మా! మీకు నచ్చిన క్లబ్బు కోసం గొంతు చించుకోండి, తప్పులేదు. కానీ ఎదుటి చొక్కాలో ఉన్నది రేపు పొద్దున మనతో కలిసి పనిచెయ్యాల్సిన మనిషేనని మాత్రం మరిచిపోకండి.