విసినిటీ అంటే ఎంత దూరం

పటాన్‌చెరు చర్చికి ఏ ఊరి బోధకుడు వచ్చి ఇంగ్లీషులో ప్రసంగించినా, తెలుగు మాత్రం దేవసహాయానిదే. అవతలి మనిషి వాక్యం ముగించేలోపే ఈయన నోట తెలుగు సిద్ధం. ఇరవై ఏళ్లలో ఒక్క మాట దగ్గరా తడబడింది లేదు. ఆ సంగతి చెప్పుకోవడానికి ఆయన మొహమాటపడిందీ లేదు.

ఆ ఆదివారం థామస్ ఆదరణ కూడిక. పాశమైలారం మందుల ఫ్యాక్టరీలో రియాక్టర్ దగ్గర మంటలు లేచి థామస్ పోయి పదకొండు రోజులైంది. అతని షిఫ్ట్ ఇన్‌చార్జి దేవసహాయమే. థామసే పని ఎగ్గొట్టి బీడీ కాల్చుకోబోయి మంట పెట్టాడని బస్తీలో పుకారు పుట్టింది. లోకుల నోటికి మూత ఎక్కడిది? బడిలో పిల్లలు కూడా అదే మాట అంటే కూతురు డెబోరా బడి మానేసింది. భార్య ఎల్సీకి మొగుడు పోయాడని తీరిగ్గా ఏడ్చే భాగ్యం కూడా లేకపోయింది. కంపెనీ కాగితం వస్తే నిజం తేలుతుందని కాచుకుని ఉంది.

కంపెనీ తరఫున మధుబాబు వచ్చి ఇంగ్లీషు సంతాప పత్రం చదువుతున్నాడు. దేవసహాయం పక్కన నిలబడి ఒక్కో వాక్యాన్నీ తెలుగు చేస్తున్నాడు. ప్రమాద సమయంలో థామస్ రియాక్టర్ "విసినిటీ"లో ఉన్నాడన్న వాక్యం వచ్చింది.

ఫ్యాక్టరీలో ప్రమాదం రిపోర్టు రాసిన రోజు ఆ మాట అందించింది దేవసహాయమే. థామస్ ఎక్కడున్నాడో రాస్తే తప్పు కంపెనీ మీదికొస్తుందని మేనేజరు జంకుతుంటే, "విసినిటీ అని పెట్టండి సార్" అన్నాడు. అబద్ధం కాదు. మూడడుగులైనా విసినిటీయే, మూడు వందల అడుగులైనా విసినిటీయే. మన 'చుట్టుపక్కల'కే ఇస్త్రీ చొక్కా తొడిగినట్టు.

"రియాక్టర్ పరిసరాల్లో ఉన్నారు," అన్నాడు దేవసహాయం.

ముందు వరసలోంచి ఎల్సీ లేచింది.

"పరిసరాలంటే ఏడన్నా? గేటు కాడనా, గోడెనక బీడీలు తాగే కాడనా? జెర మంచిగ చెప్పు. నా బిడ్డ బడికి పోవాలె."

"తర్వాత మాట్లాడుకుందామమ్మా," అన్నాడు మధుబాబు.

రిపోర్టు కింద దేవసహాయం సంతకం ఉంది. ఇంకా నాలుగేళ్ల ఉద్యోగం ఉంది. అన్నిటికీ మించి సిగ్గేసింది. చచ్చినవాడు నోరెత్తి చెప్పుకోలేడనేగా ఇంత ధైర్యం చేశాను అనుకున్నాడు.

"మూడడుగులు, చెల్లె. వాల్వు కారుతుంటే సూసి రమ్మని నేనే తోలిన. రియాక్టర్ బంద్ చేసి పోత సార్ అన్నడు. బ్యాచ్ మందంత ఖరాబైతదని నేనే వద్దన్న. గా ఇంగ్లీషు మాట పెట్టిచ్చింది గూడ నేనే."

మధుబాబు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మరి గప్పుడు నువ్వేడున్నవన్నా?" అంది ఎల్సీ.

"కంట్రోల్ రూమ్‌ల. తలుపేసుకొని కూసున్న."

ఎల్సీ డెబోరాని దగ్గరికి తీసుకుంది. "ఇన్నవా బిడ్డా? మీ నాయిన పని మీదనే పోయిండు. రేపు బడికి పో," అంది. దేవసహాయం వైపు మళ్లీ చూడలేదు.