ఊరుకున్న నొప్పి

హమ్మయ్య, మూడో మంచం మనిషి గోల ఆపాడు అనుకుంది నర్సు, పొద్దుటి నుంచీ ఒకటే అరుపులు, గోడలకు రంగులేస్తూ పరంజా మీంచి పడ్డవాడు, మోకాలి కింద ఎముక విరిగింది, పిండికట్టు వేశాక తగ్గాల్సిన నొప్పి రెండు ఇంజెక్షన్లకీ లొంగలేదు, చిన్న డాక్టరు వచ్చి పాదం మీద నాడి పట్టి చూసి, బాగానే కొట్టుకుంటోంది సిస్టర్, ఈయనది గోరంతకు కొండంత అని వెళ్ళిపోయాడు, పోనీ ఇప్పటికైనా నిమ్మళించాడు, ఎలా ఉంది బాబాయ్ అంటే, నొప్పి పెద్దగా తెలీట్లేదమ్మా, వేళ్ళే నావి కానట్టున్నాయి అన్నాడు.

నావి కానట్టు, ఆ మాట ఎక్కడో విన్నది, చిన్నప్పుడు అన్నయ్య, విరిగిన ముంజేతికి బద్దలు బిగించి కడితే ఏడ్చి ఏడ్చి సాయంత్రానికి ఇదే మాట అని ఊరుకున్నాడు, పోన్లే పడుకున్నాడని అమ్మ తలుపు దగ్గరగా వేసింది, కట్టు విప్పాక కొంకర్లు పోయిన ఆ వేళ్ళు మళ్ళీ తెరుచుకోలేదు, నర్సు దూదితో బాబాయ్ కాలివేళ్ళ సందున రాసింది, తెలుస్తోందా, ఏది తల్లీ, బొటనవేలు మెల్లగా పైకి వంచింది, పిక్కలో పోటుతో గిలగిల్లాడిపోయాడు, కండ చుట్టూ ఉన్న పొర సాగదు, లోపల వాపు పెరిగితే పెద్ద నాళంలో నెత్తురు పారుతూనే ఉంటుంది, నాడి చూసేవాణ్ణి అదే మోసం చేస్తుంది, సన్న నాళాలు నొక్కుకుపోయి ముందు నరం మొద్దుబారుతుంది, వెనకాలే కండ చస్తుంది, మహా అయితే ఆరు గంటలు, కట్టు వేసి అప్పుడే నాలుగున్నర గంటలైంది.

ఫోను చేసింది, పెద్ద డాక్టరు ఆపరేషన్‌లో ఉన్నారన్నారు, చిన్న డాక్టరేమో ఆయన్ని అడక్కుండా కట్టు ముట్టుకోకండి, ఎముక కదిలితే సమాధానం ఎవరు చెప్తారు అన్నాడు, మళ్ళీ ఫోను, గోడ మీద ముల్లు ఇరవై నిమిషాలు జరిగింది, కట్టు కోసే రంపం ఎక్కడుందో తెలుసు, చెయ్యి లేవదు, బాబాయ్ పాదం వంక చూస్తున్నాడు, ఎవరిదో అన్నట్టు చూస్తున్నాడు, లేచింది, రంపం తెచ్చింది, కట్టు పైనుంచి కిందికి చీల్చింది, లోపలి దూది కూడా కత్తిరించింది, ఎత్తులో ఉంటే నెత్తురు అందదని కాలి కింది దిండు లాగేసింది, పిక్క కొయ్యముక్కలా బిగుసుకుని నిగనిగలాడుతోంది.

ముఖానికి మాస్కుతోనే వచ్చిన పెద్ద డాక్టరు పిక్క నొక్కి చూసి, థియేటర్ సిద్ధం చెయ్యండి అన్నాడు, పొరను నిలువునా కోసి వచ్చాక, కండ ఎర్రగానే ఉందమ్మా, గిల్లితే కదిలింది, పాదం దక్కుతుంది, మంచిపని చేశావు అన్నాడు, చిన్న డాక్టరు తలెత్తలేదు, ఆమె సింకు దగ్గర చేతులు కడుక్కుంటోంది, మంచిపని, ఆ మాట ఎంత కడిగినా పోదేం, బొటనవేలు వంచినప్పుడే తనకు తెలిసిపోయింది, తెలిసీ ఇరవై నిమిషాలు ఫోను పట్టుకుని కూర్చుంది.